డబ్బాలో రంగు ముక్కలు

హైదర్ మాస్టర్ తన రేకు డబ్బా మీద తువ్వాల కప్పడం నేను మొదట్లో పట్టించుకోలేదు. మూడోసారి చూసినప్పుడు మాత్రం అనుమానం వచ్చింది. నేను దుకాణం లోపలి నుంచి వాకిట్లోకి అడుగుపెట్టగానే ఆయన చెయ్యి కత్తెర వదిలి తువ్వాల మీదికి పోయేది. డబ్బా కనబడకుండా సర్ది, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మిషన్ తొక్కేవాడు.

మాది వరంగల్ చౌరస్తా వెనక గల్లీలో మ్యాచింగ్ సెంటర్. అమ్మ పేరు మీద వరలక్ష్మి మ్యాచింగ్ సెంటర్ అని బోర్డు. చీర పట్టుకొని వస్తే దానికి సరిపోయే జాకెట్ బట్ట, ఫాల్, లైనింగ్, దారం ఇస్తాం. కొన్నవాళ్ళు చాలామంది అక్కడే కుట్టడానికి ఇచ్చిపోతారు. కుట్టేది హైదర్ మాస్టర్. ఆయన మా దగ్గర జీతానికి లేడు, మాకు భాగస్తుడూ కాదు. మా వాకిట్లో ఆయన మిషన్ ఉంది, ఇరవై ఒక్క ఏళ్ళుగా ఉంది, అంతే. నా చిన్నప్పుడు ఆ మిషన్ పక్కన కూర్చొని బట్ట ముక్కలతో ఆడుకునేదాన్నట. ఆయన్ని చాచా అని పిలుస్తాను.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. బీకాం అయ్యాక బీఈడీ కూడా చేశాను. టీచర్ పోస్టుల నోటిఫికేషన్ పడేదాకా దుకాణంలో కూర్చుంటూ చదువుకుంటున్నాను. బాపుకు మోకాళ్ళ నొప్పులు. పొద్దంతా నిలబడే పని నాది, కౌంటర్ దగ్గర కూర్చునే పని అమ్మది, సాయంత్రం వచ్చి చూసుకునే పని ఆయనది.

మ్యాచింగ్ పనిలో ఒక పద్ధతి ఉంది. ట్యూబ్‌లైట్ కింద రంగును నమ్మకూడదు. చీరనూ బట్టనూ పట్టుకొని గల్లీలోకి పోయి, ఎండలో పక్కపక్కన పెట్టి చూడాలి. మేమూ అట్లాగే చూస్తాం, కస్టమర్లూ అట్లాగే చూస్తారు. కాబట్టి చాచా దారం రీలు పట్టుకొని బయటికి పోతే ఎవరికీ వింత కాదు. కానీ ఈ మధ్య ఒక్క రీలు కోసం నాలుగైదుసార్లు పోతున్నాడు. గల్లీ మూల దాకా నడిచి, గోడకు మొహం పెట్టి ఫోన్‌లో ఉర్దూలో మెల్లగా మాట్లాడి వస్తున్నాడు. వచ్చాక నా వైపు చూడడం లేదు.

ఇంకొకటి కూడా గమనించాను. మా జాకెట్ బట్టల థాన్ల కొసలకు గోరంత ముక్కలు కత్తిరించి ఉన్నాయి. ఒకటి రెండు థాన్లకు ఉంటే ఎవరో కస్టమర్ నమూనాకు అడిగి ఉంటుందనుకుందును. పై వరసలో ఉన్న ముదురు రంగులన్నింటికీ ఉన్నాయి.

ఆ వారంలోనే నెక్కొండ పెళ్ళివారి గొడవ జరిగింది. పెళ్ళికూతురి తల్లి రైలు దిగి నేరుగా దుకాణానికి వచ్చి సంచిలోంచి జాకెట్ తీసి కౌంటర్ మీద పడేసింది. బాటిల్ గ్రీన్ చీర, బాటిల్ గ్రీన్ బట్ట. అంచులకు వేసిన పైపింగూ, కుట్టిన దారమూ నేవీ బ్లూ.

"గిదేం మ్యాచింగమ్మా? కండ్లు లేనోడు గూడ గిట్ల కుట్టడు. పెండ్లి పిల్ల ఏడుస్తాంది ఇంట్ల" అంది ఆవిడ.

నేను చాచా వైపు చూశాను. ఆయన లేచి జాకెట్ తీసుకొని, "మల్ల కుట్టిస్త అమ్మా, రెండు దినాలల్ల" అన్నాడు. ఎట్లా జరిగిందో చెప్పలేదు. రంగు మాస్టర్ అని గల్లీ అంతా పిలిచే మనిషి. ఆయన చేతిలో ఇట్లాంటి తప్పు నేనెప్పుడూ చూడలేదు. అందుకే నాకు అది తప్పులాగా అనిపించలేదు. కావాలని చేశాడా అనిపించింది.

శుక్రవారం పొద్దుగూకే వేళ, పక్కన స్టీలు సామాన్ల దుకాణం పవన్ అన్న మా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"మీ మాస్టర్ మధ్యాహ్నం ఏడికి పోయిండు సింధూ?"

"నమాజుకు. ఇయ్యాల శుక్రవారం గదా."

"నమాజా? సుబేదారిల కొత్త చీరల షోరూం లేదా, గా మెట్ల మీద నిలబడ్డడు. లోపల్నుంచి ఒక పిల్ల బయటికొచ్చింది. ఆమెకేదో పొట్లం ఇచ్చిండు. నా రెండు కండ్లతోని చూసిన."

"ఏం పొట్లం?"

"నాకేం ఎరుక? గా షోరూమోళ్ళు మ్యాచింగ్ సెక్షన్ గూడ పెడుతుండ్రట. టైలర్లను గుంజుకుంటుండ్రట. జర చూసుకోండ్రి. వాళ్ళ సంగతి నీకు తెల్వంది కాదు."

"వాళ్ళంటే ఎవలన్నా?"

పవన్ అన్న నవ్వి వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు నచ్చలేదు. కానీ నచ్చని మాట కూడా చెవిలో పడ్డాక ఊరికే ఉండదు. రాత్రి అన్నం తింటుంటే ముక్కలూ, ఫోన్లూ, నేవీ బ్లూ పైపింగూ అన్నీ ఒక దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. మా రంగులు తీసుకుపోయి అక్కడ చూపిస్తున్నాడు. మా పేరు చెడగొట్టి కస్టమర్లను అక్కడికి పంపుతాడు. తర్వాత మిషన్ ఎత్తుకొని తానూ పోతాడు. ఇంత చక్కగా అతుకుతుంటే అబద్ధం ఎట్లా అవుతుందనుకున్నాను.

శనివారం పొద్దున చాచా ఛాయ్ తాగడానికి పోయినప్పుడు నేను డబ్బా తెరిచాను.

అందులో మా థాన్ల ముక్కలున్నాయి. నలభైకి పైనే ఉంటాయి. ప్రతి ముక్కకూ ఒక కాగితం చీటీ పిన్ను కొట్టి ఉంది. చీటీ మీద ఉర్దూలో రెండు మాటలు, పక్కన అంకెలు. నాకు ఉర్దూ చదవడం రాదు. అంకెలు మాత్రం పోల్చుకున్నాను. మా దారాల ర్యాకులో వరస నంబరూ, గూడు నంబరూ.

అప్పుడే అమ్మకు టిఫిన్ డబ్బా ఇచ్చిపోదామని బాపు వచ్చాడు. నా చేతుల్లో ముక్కలు చూశాడు. దాచడానికి నాకు సమయం లేదు. తెలిసిందంతా చెప్పాను.

మా బాపు వీరభద్రం అరుపు గల్లీకంతా తెలుసు. రెండేళ్ళ కింద మా దగ్గర చీరలు మడతపెట్టే కట్టమ్మ మీద అట్లాగే అరిచాడు. లైనింగ్ బట్టల కట్ట ఒకటి కనబడలేదు. కస్టమర్ల ముందర, కొంగు దులిపి చూపించమన్నాడు. కట్టమ్మ కొంగు దులిపింది, ఒక్క మాట అనలేదు, నడిచి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. వారం తర్వాత ఆ కట్ట పై అటక మీద దొరికింది. ఆ రోజు బాపు అన్నం తినలేదు. కానీ కట్టమ్మ ఇంటికీ పోలేదు.

"మిషన్ తీసి గల్లీల పెడ్తా. ఇయ్యాలనే" అన్నాడు బాపు. మెడ నరాలు ఉబ్బాయి.

"బాపూ, నేనడుగుతా. జర ఆగు."

"ఏమడుగుతవ్? దొంగతనం చేసినవా అంటే చేసిన అంటడా?"

"సాయంత్రం దాక ఆగు. నువ్వే చెప్పినవ్ గదా, దుకాణం నన్ను చూసుకొమ్మని."

"నాలుగింటి దాక" అన్నాడు. "నాలుగు దాటితే నేను చూసుకుంట."

అమ్మ కౌంటర్ దగ్గరి నుంచి లేచి వచ్చింది. ముక్కలను మళ్ళీ డబ్బాలో పెట్టి, తువ్వాల ఎట్లా ఉందో అట్లాగే కప్పింది. "ఇరవై ఒక్క ఏండ్లు" అని మాత్రం అంది, ఎవరితోనో తెలియదు.

నాకూ కోపంగానే ఉంది. బాపుకంటే తక్కువేమీ కాదు. బాపు కోపం అరుస్తుంది, నాది లోపలే ప్రశ్నలు తయారుచేసుకుంటుంది. ఎందుకు చేసినవ్, ఎన్నాళ్ళ సంది చేస్తున్నవ్, ఎంతకు ఒప్పుకున్నవ్. అట్లా అడిగితే ఏ మనిషైనా నిజం చెప్పడు, ఒట్టు పెడతాడు. బీఈడీలో పాఠం చెప్పడానికి పోయిన క్లాసులో పెన్సిల్ పోయినప్పుడు, ఎవరు తీశారని నేను గద్దించిన రోజు ఎవరూ చెప్పలేదు. ట్రైనింగులో నేను నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ గుర్తున్నది అదొక్కటే.

మూడున్నరకు కస్టమర్లు లేరు. నేను చిన్న స్టూలు తీసుకొని పోయి చాచా మిషన్ ముందర కూర్చున్నాను.

"చాచా, జర మిషన్ ఆపుతవా? మాట్లాడాలె."

ఆపాడు. చెయ్యి తువ్వాల మీదికి పోయింది.

"ముందుగాల నా తప్పు చెప్తా" అన్నాను. "పొద్దున నువ్వు ఛాయ్‌కి పోయినప్పుడు నీ డబ్బా తెరిచి చూసిన."

చాచా మొహం ఎర్రబడింది. ఆయనకు కోపం రావడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"ఎవలనడిగి తెరిచినవ్?"

"ఎవల్ని అడగలే."

"ఇరవై ఒక్క ఏండ్ల సంది గీ వాకిట్ల కూసుంటాన్న. ఒక్కనాడన్న మీ గల్లాపెట్టె దిక్కు చూసిన్నా?"

"లేదు చాచా."

"మరి నా డబ్బాల నీకేం పని? పోలీసోడు గూడ చెప్పి తెరుస్తడు. సదువుకున్నవ్ సదువుకున్నవ్ అని గల్లీ మొత్తం చెప్పుకున్న గదనే నేను. గిదేనా సదువు?"

ఆ మాట సూటిగా తగిలింది. జవాబులు నా దగ్గర లేక కాదు. నెక్కొండ జాకెట్ ఉంది, శుక్రవారం నమాజు ఉంది, సుబేదారి మెట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి విసిరితే తగిలేవే. డిగ్రీలో మాటతీరు మీద మాకొక పేపరు ఉండేది, డెబ్బై ఎనిమిది మార్కులు వచ్చాయి. ఎదుటి మనిషి తిడుతున్నదాంట్లో నిజం ఉన్నప్పుడు ఏం చేయాలో అందులో లేదు. నేను స్టూలు అంచు గట్టిగా పట్టుకొని కూర్చున్నాను. ఆయన ఊపిరి సర్దుకున్నాక నోరు తెరిచాను.

"తప్పే చాచా. మల్ల చెయ్య" అన్నాను. "కానీ నా మనసుల ఏమనుకున్ననో అది గూడ చెప్తా. దాపెట్టుకొని నీ మొకం చూడలేను. మొత్తం విని తిట్టు."

ఆయన తువ్వాల మీది చెయ్యి తీశాడు.

అన్నీ చెప్పాను. థాన్ల కొసలు, ఫోన్లు, పొట్లం, షోరూం. పవన్ అన్న పేరు మాత్రం చెప్పలేదు, ఎవరో చూశారన్నాను. పైపింగ్ కావాలని తప్పు కుట్టాడేమో అని అనుకున్నానని కూడా చెప్పాను. 

"నేననుకున్నది తప్పు గావాలని ఉన్నది నాకు" అన్నాను. "అందుకే అడుగుతాన్న."

 చాచా నా వైపు తిరిగి అడిగాడు.

"నీ చున్నీ ఏం రంగు బిడ్డా?"

మాట మారుస్తున్నాడనుకున్నాను. ఇంతసేపు పట్టుకున్న ఓపిక అక్కడ తెగబోయింది.

"వంకాయ రంగు. ఎందుకు?"

"నాకు నల్లగ కొడ్తాంది."

నేను చున్నీ వైపు చూసుకున్నాను. వాకిట్లో వెలుతురు బాగానే ఉంది. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే రంగు.

"వంకాయ, నేవీ బ్లూ, బాటిల్ గ్రీన్, నలుపు... నాలుగూ ఒక్క తీరుగనే ఉంటానయ్ నాకు" అన్నాడు. "మొన్నటి రంజాన్ సంది. మొదాలు మీ ట్యూబ్‌లైట్ మంచిగ లేదనుకున్న. బయటికి పోయి చూసిన. ఎండల గూడ గంతే."

నేను స్టూలు ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"గా షోరూంల ఉన్న పిల్ల నా బిడ్డ ఆఫ్రీన్" అన్నాడు. "నాలుగు నెలలాయె పనిల చేరి. ఎప్పుడు బయటికొస్తదో ఫోన్ల అడిగి నేను ముక్క తీస్కపోతా, ఆమె చూసి రంగు పేరు, మీ ర్యాకుల ఏ గూట్లె దారం తియ్యాల్నో రాసిస్తది. మీ ర్యాకు మొత్తం దానికి నేనే చెప్పి రాయించిన. ఉర్దూల ఎందుకంటే నాకు తెలుగు సదువరాదు. శుక్రవారం నమాజు అక్కడి మజీదులనే చదివిన. అబద్ధం చెప్పలే."

"ఫోన్ల ఫోటో పంపితే అయిపోతుండె గదా చాచా?"

"ఫోన్ల రంగు రంగేనా? రోజూ కస్టమర్లకు నువ్వే చెప్తవ్, ఫోటో నమ్మకుండ్రి, చీర తేండ్రి అని."

నిజమే, చెబుతాను.

"మరి నెక్కొండోళ్ళ జాకెట్?"

"ఆ దినం ఆఫ్రీన్‌కు సెలవు దొరకలే. బయటికి రానియ్యలే దాన్ని. అందాజు మీద తీసిన." కాసేపు ఆగాడు. "పెండ్లి పిల్ల ఏడుస్తాందని ఆమె అన్నప్పటి సంది నాకు నిద్ర లేదు."

"నన్నడిగితే నేను చెప్పకపోదునా? పక్కన్నే ఉన్న గదా."

"నిన్నడిగితే మీ బాపుకు ఎరుకైతది. సేట్ అరుస్తడు. కట్టమ్మ లెక్క నేను ఊకె పోయేటోణ్ణి కాదు, నేను గూడ అంట. ఇద్దరం అనుకుంటే ఇగ మొకాలు చూసుకునుడు ఉండదు. నాకు యాభై ఎనిమిదేండ్లు. ఇప్పుడు ఏ వాకిట్ల మిషన్ ఏసుకోవాలె? రంగు కనబడని టైలర్‌కు మ్యాచింగ్ సెంటర్ల ఏం పని?"

కంటి డాక్టర్ దగ్గరికి పోయావా అని అడిగాను. పోలేదన్నాడు. కంట్లో పొర వచ్చినట్టుంది, మోతిబిందు, అదే శుక్లం, అయి ఉంటుందని ఆఫ్రీన్ అంటోందట. చాచా పెద్దన్నకు ఎన్నో ఏళ్ళ కింద కంటి ఆపరేషన్ చేస్తే ఒక కన్ను పోయిందట. ఆ భయం.

ఇదంతా నమ్మాలా వద్దా అని ఒక్క క్షణం నాలో ఇంకా కొట్టుకుంటూనే ఉంది. అనుమానం అట్లాంటిది, చెప్పగానే లేచి పోదు. అప్పుడే బాపు స్కూటీ ఆగింది. నాలుగు కూడా కాలేదు.

"నేను చెప్పాల్నా చాచా?" అని అడిగాను.

"నా నోరు నాకున్నది" అని లేచి నిలబడ్డాడు.

బాపు మెట్లెక్కాడు. చాచా నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. కండ్లు, ఆఫ్రీన్, షోరూం, చీటీలు. బాపు ముందు నా వైపు చూశాడు, తర్వాత డబ్బా తెరిచి చీటీలు తీసి చూశాడు. అర్థం కాకపోయినా ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"నీ బిడ్డ గా షోరూంల పనిచేస్తాంది. మన రంగులన్నీ రాసిస్తాంది. వాళ్ళకియ్యలేదని ఏం నమ్మకం?"

"నమ్మకం లేకపోతే డబ్బా నీ దగ్గరనే పెట్టుకో సేట్. మిషన్ గూడ తీస్త."

"మిషన్ తియ్యమని నేనన్ననా ఇప్పుడు?"

"పొద్దున అన్నవట గదా."

నేను ఆ మాట చెప్పలేదు. అమ్మ లోపలి నుంచి కౌంటర్ మీద వంగి, "నేనే చెప్పిన. మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు" అంది. "ముందుగాల ఎరుకుంటె మంచిదనిపించింది."

అంటే మూడున్నరకు నేను స్టూలు వేసుకొని కూర్చునేసరికి బాపు మిషన్ తీస్తానన్న మాట ఆయనకు తెలుసు. తెలిసి కూడా నేను ఏ మాటతో మొదలుపెడతానో అని కాచుకొని ఉన్నాడన్నమాట. ఎందుకు చేసినవ్ అని మొదలుపెట్టి ఉంటే ఈపాటికి మిషన్ గల్లీలో ఉండేది.

"ఇరవై ఒక్క ఏండ్లల్ల నాతోని చెప్పనీకె నీకు నోరు రాలేదా హైదర్ భాయ్?" బాపు గొంతు లేచింది.

"నోరుంటే అయితదా? వినే చెవులు గూడ ఉండాలె గద సేట్."

బాపు నోరు తెరిచాడు. ఏమీ అనలేదు. మోకాలు పట్టుకొని నెమ్మదిగా నా స్టూలు మీద కూర్చున్నాడు. 

"ఏ కన్ను?" అన్నాడు చివరికి.

"రెండు. కుడిది జాస్తి."

"సోమవారం పోదాం. పెద్ద దవాఖానకు."

"నేను రాను."

"ఎందుకు రావు?"

"మా అన్నది పోయింది."

"అది నలభై ఏండ్ల కింది ముచ్చట! ఇప్పుడు పొద్దున పోతే సాయంత్రం ఇంటికొస్తాండ్రు. మా బామ్మర్దికి చేయలేదా?"

"నీ బామ్మర్ది టైలరా? నాది కండ్ల మీద బతుకు."

"అందుకే రమ్మంటాన్న!"

"రానంటాన్న!"

ఇద్దరూ అరుస్తున్నారు. నేను అడ్డం పోలేదు. ఆ అరుపులో బయటికి తోసేది ఏమీ లేదు. పవన్ అన్న తన దుకాణం మెట్ల మీదికి వచ్చి మెడ సాచాడు.

"ఏమాయె సింధూ? ఎల్లగొడుతుండ్రా?"

"లేదన్నా. మావోళ్ళు మాట్లాడుకుంటాండ్రు."

"మరి గా పొట్లం?"

"నువ్వు చూసింది నిజమే. అనుకున్నదే నిజం కాదు. నేను గూడ గదే అనుకున్న."

ఆయన ఇంకేదో అడగబోయి, నేను అక్కడే నిలబడి ఉండేసరికి లోపలికి పోయాడు.

ఇంతలో ఒకామె చీర చంకలో పెట్టుకొని మెట్లెక్కింది. ములుగు బస్సు దిగి వచ్చానంది. ముదురు నీలం చీర. కౌంటర్ దాకా పోకుండా చీర నేరుగా చాచాకు అందించి, "ఫాల్ ఎయ్యాలె, జాకెట్ కుట్టాలె. మ్యాచింగ్ నువ్వే చూడు, రంగు మాస్టర్ అన్నరు నిన్ను" అంది.

చాచా చీర పట్టుకొని బాపు వైపు చూశాడు. బాపు నేల చూశాడు. నేనేమన్నా అందామనుకున్నాను. ఆయన ఆగలేదు.

"రంగు ఈ బిడ్డ చూస్తది అమ్మా. కుట్టేది నేను."

"ఎందుకు? నీకు కనబడదా?"

"రంగులు తక్కువ కనబడ్తానయ్. కుట్టు మంచిగనే కనబడ్తది."

ఆమె వెనక్కి ఒక అడుగు వేసింది. ఆయన కళ్ళలోకి చూసింది, నా వైపు చూసింది, మిషన్ మీదున్న సగం కుట్టిన జాకెట్ ఎత్తి లోపలి కుట్లు వేలితో లాగి చూసింది. 

"ఫాల్ వరకు కుట్టు" అంది చివరికి. "జాకెట్ సంగతి మల్ల చూద్దాం."

"సరే అమ్మా."

"నేను ఏడికి పోను. గిక్కడనే కూసుంట. నా ముంగటనే కుట్టు."

బాపు స్టూలు మీది నుంచి లేచి ఆమెకిచ్చాడు. నేను ఫాల్ తీసి తెచ్చాను, దారం కూడా తెచ్చాను. చాచా సూదిలో దారం ఎక్కించి చీర అంచు సర్దుకున్నాడు.

"కూసో అమ్మా" అన్నాడు. "తప్పు కనబడితే అప్పుడే చెప్పు."